ఫ్రాంక్‌ఫర్ట్‌లో సభ పెడుతున్న మేనకోడలికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "నీ ముద్దుల మేనకోడలు చదువుకోడానికి వెళ్లిందా, సభలు పెట్టడానికి వెళ్లిందా, నువ్వే అడుగు" అని కేకలేశాడు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, నలుగురు పాలస్తీనా రచయితల్ని కూర్చోబెట్టి సాహిత్యం, రాజకీయం, చరిత్ర అన్నీ మాట్లాడించబోతున్నావట. వాడి ముందు నేనూ గొణిగాను. ఫోన్ పెట్టేశాక మాత్రం పక్కింటావిడ దగ్గర గంటసేపు నీ గొప్ప చెప్పుకున్నాను. ఈ మాట నీకు చెప్పకూడదనుకున్నాను, నోరు ఊరుకోలేదు.

ముందు నా భయం సంగతి. నువ్వున్న ఊరు ఫ్రాంక్‌ఫర్ట్. 2023 అక్టోబరులో అక్కడి పుస్తక ప్రదర్శనలోనే కదా, పాలస్తీనా రచయిత్రి అదానియా షిబ్లీకి ఇవ్వాల్సిన లిబెరాటూర్ బహుమతి సభను లిట్‌ప్రోమ్ సంస్థ వాయిదా వేసేసింది! ఆరువందల మందికి పైగా రచయితలూ ప్రచురణకర్తలూ తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. అంత పేరున్న నవలాకారిణికే వేదిక దక్కని ఊళ్లో నువ్వు స్టూడెంట్ వీసా మీదున్న పిల్లవి. కాబట్టి హాలు ఇస్తామన్న మాట కాగితం మీద పెట్టించుకో. అందులో సభ పేరు, వచ్చేవాళ్ల పేర్లు ఉండాలి. నిర్వాహకులుగా మీ ప్రొఫెసర్ ఒకరి సంతకం ఉండాలి, అన్నింటికీ నువ్వొక్కదానివే ముందుకు దూకకు. ఇంకో హాలు కూడా చూసిపెట్టుకో. వీసా కాగితాల నకళ్లు మీ నాన్నకు పంపు. అవి వాడికి అర్థం కావు గానీ, నిద్రయినా పడుతుంది.

మైకులు ముందురోజే చూసుకో. రంజాన్ నెలైతే ఇఫ్తార్ వేళ తప్పించు. అరబ్బీ అనువాదానికి డబ్బులిచ్చి మనిషిని పెట్టుకో, నలుగురిలో ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి వచ్చే ఆవిడకు ఇంగ్లీషు వచ్చు కదా అని ఆ చాకిరీ ఆవిడ నెత్తిన వేయకు. నలుగురికీ ఒకే పారితోషికం.

నలుగురూ పాలస్తీనా వాళ్లే కదా అని ఒకే గాటన కట్టొద్దు. హైఫా ఆవిడది ఇజ్రాయెల్ పాస్‌పోర్టు. వెస్ట్ బ్యాంక్‌లోని రామల్లా ఆయనకు జెరూసలేం పదిహేను కిలోమీటర్లే, అయినా పర్మిట్ లేకుండా అడుగు పెట్టలేడు. గాజా నుంచి కైరో చేరిన ఆ కుర్ర కవికి ఇంటికి ఎప్పుడు పోతాడో తెలియదు, పోయినా ఇల్లు ఉంటుందో లేదో. చికాగోలో పుట్టిన పిల్ల ఎక్కడికైనా విమానమెక్కుతుంది, వాళ్ల తాత ఊరికి తప్ప. 2008లో ఈజిప్టు రచయిత్రి అహ్దాఫ్ సువేఫ్ మొదలుపెట్టిన పాలస్తీనా సాహిత్యోత్సవం ఒక ఊళ్లో కుదురుగా జరగకపోవడానికి కారణం ఇదే. శ్రోతలు కదల్లేరు కనక రచయితలే బస్సెక్కి, చెక్‌పోస్టులు దాటుకుంటూ రామల్లా, బెత్లెహేం, జెరూసలేం తిరుగుతూ వచ్చారు. 2024లో అరబ్బీ నవల అంతర్జాతీయ బహుమతి పాలస్తీనా రచయిత బాసిమ్ ఖందక్జీకి వచ్చేనాటికి ఆయన దాదాపు ఇరవై ఏళ్లుగా ఇజ్రాయెల్ జైల్లో ఉన్నాడు, ఆయన బదులు ప్రచురణకర్త వెళ్లి అందుకున్నారు. అందుకని ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్ చేసి, "మిమ్మల్ని ఏమని పరిచయం చెయ్యమంటారు?" అని అడుగు. వాళ్లు చెప్పిందే చదువు, నీ పైత్యం కలపకు.

ఇక నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిన అసలు సంగతి. 1982, బేరూత్‌లో సబ్రా, షతీలా పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో ఊచకోత జరిగిన ఏడాది. హైదరాబాద్‌లో సంఘీభావ సభ. ఏ సంఘమో చెప్పను, వాళ్లలో కొందరు ఇప్పటికీ పండగలకు ఫోన్లు చేస్తారు. అప్పట్లో మన యూనివర్సిటీల్లో పాలస్తీనా కుర్రాళ్లు చదువుకునేవాళ్లు, వాళ్లలో ఒకణ్ణి పిలిచారు. సన్నగా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. పాలస్తీనా రచయిత ఎమిల్ హబీబీ నవలలో ఒక పేజీని రాత్రంతా కూర్చుని తనే ఇంగ్లీషులోకి మార్చుకొచ్చాడు. ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 నాటి పోరులో కథానాయకుడు సయీద్ మీదికి తుపాకులు పేలితే, ఎటునుంచో ఓ గాడిద అడ్డం వచ్చి ఆ గుళ్లు తను తిని చచ్చిపోతుంది. ఇజ్రాయెల్‌లో తన బతుకంతా ఆ గాడిద పెట్టిన భిక్షేనంటాడు సయీద్. కుర్రాడు అక్కడిదాకా చదివాడు. వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అధ్యక్షులవారు చటుక్కున మైకు లాక్కుని, "ఇది నవ్వులాటల సమయం కాదు, మీ ప్రజల బాధలు చెప్పండి" అన్నారు. కుర్రాడు ఆయన ముఖం ఒకసారి చూసి కాగితం మడిచేశాడు. తర్వాత ఏం మాట్లాడాలో అతనికి బాగా తెలుసు: రక్తం, నేల, విజయం. చప్పట్లు మోగిపోయాయి.

కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. శిబిరాల్లో చచ్చిపోయినవాళ్ల గురించి పేపర్లు రాస్తూనే ఉన్నాయి. ఊరు వదలకుండా ఉండిపోయి, సొంత వీధిలో పరాయివాడైనవాడి సంగతి ఆ హాల్లో ఎవరికీ తెలియదు, ఆ పేజీ చెప్పబోయింది అదే. హబీబీ హైఫావాడు, కమ్యూనిస్టుగా ఇజ్రాయెల్ పార్లమెంటులో కూర్చున్నవాడు. భయంతో నవ్వేవాడి నవ్వు ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అధ్యక్షులవారికి మాత్రం మేజా మీద దండతో పాటు ఓ ఏడుపు కూడా కావాల్సి వచ్చింది.

మీ నాన్న ఫార్వర్డ్ చేసిన నీ ప్రశ్నల జాబితా చూశాను. మొదటిదే, "ఇంత విధ్వంసంలో మీరెలా రాయగలుగుతున్నారు?" కొట్టెయ్. ఆ అధ్యక్షుడు నీ గొంతులో మాట్లాడుతున్నట్టుంది. షిబ్లీ నవల రెండో భాగంలో రామల్లా ఆవిడ అద్దె కారులో పక్క సీటు మీద మ్యాపులు పరుచుకుని పోతుంది చూడు. ఒకటి ఇప్పటిది, ఒకటి 1948కి ముందుది, పాతదాంట్లో ఉన్న ఊళ్లు కొత్తదాంట్లో ఉండవు. ఆ పేజీ చదివి వినిపించి, ఇలా ఎందుకు రాసి ఉంటుందని నలుగురినీ అడుగు. చరిత్ర దానంతటదే వస్తుంది, రాజకీయం దాని వెనకే వస్తుంది. తర్వాత హబీబీ 1990లో పాలస్తీనా విమోచన సంస్థ పీఎల్‌ఓ ఇచ్చిన బహుమతీ, 1992లో ఇజ్రాయెల్ ఇచ్చిన బహుమతీ రెండూ తీసుకోవడం తప్పా ఒప్పా అని అడుగు. పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనీ, నువ్వు మధ్యలో దూరి శాంతిపాఠం చదవకు. మనవాళ్లు మన కవుల గురించి పోట్లాడుకోవట్లేదూ!

గాజా కుర్రాడి దగ్గర జాగ్రత్త, తల్లీ. ఇంట్లో ఎంతమంది పోయారని అడక్కు. చెప్పాలనుకుంటే అతనే చెబుతాడు, అప్పుడు నీ కాగితం పక్కన పెట్టి విను. 2023 డిసెంబరులో బాంబుదాడిలో చనిపోయిన రఫాత్ అలరీర్ పేరు ఎలాగూ వస్తుంది. ఆయన చావు అందరికీ తెలుసు. ఆయన గాజాలో పిల్లలకు జాన్ డన్, షేక్స్‌పియర్ చెప్పిన మాస్టారు, ఆ క్లాసుల గురించి అడుగు.

రికార్డింగు విషయం నలుగురినీ ముందే అడగాలి. రామల్లా ఆయన మర్నాడు చెక్‌పోస్టు దాటాలి, ఎవడో ఆయన మాటలో సగం కత్తిరించి ఫోన్లలో తిప్పితే నీకు పోయేదేం లేదు, ఆయనకు ఉంది. సభ అయ్యాక వాళ్లు వద్దన్న ముక్క తీసేయ్, ఎందుకని అడక్కు.

సాయంత్రం ఆరింటికంటే చలికాలం లెక్కన ఇక్కడ రాత్రి పదిన్నర. మేలుకుంటాను. లింకు ముందురోజే పంపు, మీ నాన్నను కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాను. చివర్లో ప్రశ్నలుంటే అడగండి అన్నప్పుడు వాడు చెయ్యెత్తినా నువ్వు చూడనట్టే ఊరుకో.

ఆశీస్సులతో,
మీ అత్త