నేవీలో కెప్టెన్ అంటే ఆర్మీలో కెప్టెన్‌తో సమానమేనా?

సమానం కాదు. కాబోయే వియ్యంకులు నౌకాదళంలో కెప్టెన్‌గా రిటైరయ్యారని, బంధువులు మాత్రం "కెప్టెన్ అంటే చిన్న ఆఫీసరే కదా" అంటున్నారని మీరు రాశారు. విశాఖపట్నంలోని ఒక నౌకాదళ కార్యాలయంలో సివిలియన్ ఉద్యోగిగా పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక నాకు ఈ పొరపాటు కొత్త కాదు. ఒక కళాశాల వార్షికోత్సవానికి అతిథిగా వచ్చిన నౌకాదళ కెప్టెన్‌ను నిర్వాహకులు, హోదాలో ఆయనకన్నా తక్కువైన ఆర్మీ మేజర్ల వెనుక వరుసలో కూర్చోబెట్టగా, ఆయన ఏమీ అనకుండా కూర్చున్నారు గాని, ముందు వరుసలోని మేజర్లే ఇబ్బందిపడి లేచి నిలబడ్డారు.

ఆర్మీ కెప్టెన్‌కు నౌకాదళంలో సమానమైన హోదా లెఫ్టినెంట్. నౌకాదళ కెప్టెన్‌కు ఆర్మీలో సమానమైన హోదా కల్నల్, వాయుసేనలో గ్రూప్ కెప్టెన్. ఆర్మీలో కమిషన్ (అధికారిగా నియామకం) పొందిన 2 ఏళ్లకే కెప్టెన్ కావచ్చు. నౌకాదళంలో కమాండర్ హోదాకే 13 ఏళ్ల సర్వీసు కావాలి, ఆపై కెప్టెన్ హోదా సాధారణంగా ఎంపిక బోర్డు ద్వారా వస్తుంది. ఆ బోర్డు దగ్గరే ఆగిపోయిన సమర్థులను నేను చాలామందిని చూశాను. భుజాల మీద నాలుగు బంగారు పట్టీలుండి, పై పట్టీకి చుట్టు ఉంటే ఆయన కెప్టెన్. కమాండర్‌కు మూడే ఉంటాయి.

తికమక ఇంకొకటి ఉంది. యుద్ధనౌకను నడిపించే కమాండింగ్ ఆఫీసర్‌ను, ఆయన హోదా కమాండర్ అయినా, చిన్న నౌకల్లో లెఫ్టినెంట్ కమాండర్ అయినా, నౌక కెప్టెన్ అనే వ్యవహరిస్తారు. డిస్ట్రాయర్ వంటి పెద్ద నౌకలకు హోదాలోనూ కెప్టెన్ అయినవారే ఉంటారు. 1971 డిసెంబర్ 9న ఐఎన్ఎస్ ఖుక్రీతోపాటు మునిగిపోయి, మరణానంతరం మహావీర చక్ర పొందిన మహేంద్రనాథ్ ముల్లా హోదాలోనూ, బాధ్యతలోనూ కెప్టెనే. అలాగని కెప్టెన్ హోదా ఉన్న ప్రతి అధికారికీ నౌక ఉండదు. డాక్‌యార్డులోనో, శిక్షణ కేంద్రంలోనో సర్వీసంతా గడిపిన ఇంజినీరు అధికారి కూడా కెప్టెన్ కావచ్చు.

శుభలేఖలో పేరుకు ముందు "కెప్టెన్" అని, పేరు తరువాత "ఐఎన్ (రిటైర్డ్)" అని రాయించండి. ఆ రెండక్షరాలు ఇండియన్ నేవీని సూచిస్తాయి కనుక ఆర్మీ కెప్టెన్ అనుకునే అవకాశం ఉండదు. వాణిజ్య నౌకల్లో పనిచేసినవారినీ మనవాళ్లు కెప్టెన్ అనే పిలుస్తారు గాని, అక్కడ ఆ ఉద్యోగం పేరు మాస్టర్. అది సైనిక హోదా కాదు.