మీరడిగారు: ఎన్‌క్రూమా కూతురి కథ

ప్రశ్న: తండ్రి పేరు చెప్పుకుని చట్టసభకు వెళ్లినవాళ్లు మన దగ్గర బోలెడు. ఆఫ్రికాలోనూ ఇదే తంతా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇదే తంతేనమ్మా. కాకపోతే నేను చెప్పబోయే ఆవిడకు తండ్రి పేరొక్కటే మిగిలింది, పార్టీ బలం మిగల్లేదు.

ఘనాకు 1957లో స్వాతంత్ర్యం తెచ్చిన క్వామె ఎన్‌క్రూమా కూతురు సమియా. మా నాన్నగారు నెహ్రూ, ఈజిప్టు నేత నాజర్‌లతో పాటు ఆయన పేరూ రేడియోలో విని, నోరు తిరక్క ‘నుక్రూమా’ అనేవారు. సమియా 1960 జూన్ 23న పుట్టారు, ఘనా గణతంత్రం కావడానికి ఎనిమిది రోజుల ముందు. తల్లి ఫతియాది ఈజిప్టు. అందుకే పిల్లకు అరబ్బీ పేరు పెట్టారు. దాని పక్కన యాబా అని తండ్రి తెగ ఎన్‌జెమా వాళ్ల పేరు. గురువారం పుట్టింది కాబట్టి యాబా! మనం నక్షత్రం చూస్తాం, వాళ్లు వారం చూస్తారు.

1966 ఫిబ్రవరి 24న ఎన్‌క్రూమా వియత్నాం ప్రయాణంలో ఉండగా సైన్యం ఆయన్ని దించేసింది. ఫతియా ముగ్గురు పిల్లల్నీ తీసుకుని కైరో చేరారు. ఆయన గినీలో తలదాచుకుని, 1972లో రుమేనియాలో కన్నుమూశారు. సమియా లండన్‌లో అరబ్బీ చదివారు, కైరోలో ‘అల్ అహ్రామ్’ పత్రికకు పనిచేశారు, రోమ్‌లో కాపురం పెట్టారు.

2008లో ఘనాకు వచ్చి జొమోరో నియోజకవర్గంలో ఎన్నికకు నిలబడ్డారు. కోట్ డివోర్ (ఐవరీ కోస్ట్) సరిహద్దును ఆనుకున్న ఎన్‌జెమా సీమ అది. తండ్రి పుట్టిన ఎన్‌క్రోఫుల్ పక్క నియోజకవర్గంలోనే. అప్పటి ఎంపీ లీ ఓక్రాన్‌ని ఓడించి సభకు వెళ్లారు. 230 మంది సభలో సీపీపీకి (కన్వెన్షన్ పీపుల్స్ పార్టీకి) ఆమె ఒక్కరే. తండ్రి 1949లో పెట్టి, 1966లో నిషేధానికి గురై, ఆ పేరుతోనే మళ్లీ లేచిన పార్టీ అది.

ఆ గెలుపు తండ్రి పేరుదేనని నా లెక్క. ఓటమి మాత్రం లెక్కలది. ఘనాలో మంత్రుల్లో ఎక్కువమందిని ఎంపీల నుంచే తీసుకోవాలని రాజ్యాంగమే చెబుతుంది. అలాంటి చోట ఒంటరి ఎంపీని మళ్లీ పంపితే మనకేం ఒరుగుతుందని ఓటరు అనుకోడా? 2012లో ఓడిపోయారు. ఈలోగా 2011లో పార్టీ అధ్యక్షురాలయ్యారు. ఐదేళ్లు తిరక్కుండానే, 2016 దేశాధ్యక్ష ఎన్నికకు సొంత పార్టీయే ఆమెను కాదని ఐవర్ గ్రీన్‌స్ట్రీట్‌ని నిలబెట్టింది.

ప్రశ్న: ఘనా నాయకులు భుజం మీదుగా కప్పుకునే రంగురంగుల గుడ్డ మిల్లుదా, చేనేతా?
– ఒక నేత కార్మికుడు, పోచంపల్లి

జవాబు: అసలుది చేనేతే. కెంటే అంటారు. మీలా ఒకేసారి చీర పన్నా నేయరు. జానెడు కూడా లేని సన్నటి పట్టీలు పొడుగ్గా నేసి, పక్కపక్కన పెట్టి కుట్టేస్తారు. ఘనాలోని కుమాసి నగరం దగ్గరున్న బొన్‌విరె ఈ నేతకు పేరుపడ్డ ఊరు.

డిజైన్లకు పేర్లుంటాయి. పైన చెప్పిన ఫతియాగారి మీదా ఒకటుంది: ‘ఫతియా ఫతా ఎన్‌క్రూమా’, అంటే ఎన్‌క్రూమాకు ఫతియా తగిన జోడీ అని. ఆయన్ని దించేశాక అదే గుడ్డను ‘ఒబాకోఫో మ్ము మాన్’ అనడం మొదలుపెట్టారు. ఒక్కడే రాజ్యం ఏలడు అని దానర్థం. మీ ఇక్కత్‌లో ఇలా పేరు మారిన డిజైన్ ఏదైనా ఉంటే నాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాను.