బీపీ మాత్రతో థైరాయిడ్ యాంటీబాడీలు తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 34. హషిమోటో థైరాయిడ్ (సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిపై దాడి చేసే జబ్బు) ఉంది. రోజూ థైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు వేసుకుంటాను. ఆరు నెలలుగా బీపీకి టెల్మిసార్టాన్ 40 కూడా వాడుతున్నాను. ఒక పాత బీపీ మందు యాంటీబాడీలను తగ్గిస్తుందని వాట్సాప్‌లో చదివాను. దానికి మారొచ్చా డాక్టర్ గారూ?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మారకండమ్మా. అలాగని ఆ మెసేజ్ ఉత్త పుకారూ కాదు. అందులో చెప్పింది బహుశా మిథైల్‌డోపా గురించి. 1960ల నుంచి ఉన్న మందు. ఇప్పుడు ఎక్కువగా గర్భిణులకు బీపీ వస్తే రాస్తున్నాం. అమెరికాలోని కొలరాడో పరిశోధకులు దీన్ని టైప్-1 షుగర్ ఉన్న 20 మందికి ఇచ్చి చూసి, 2018లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల కణాలపై ఉండే డీక్యూ8 అనే అణువు, ఇన్సులిన్ ముక్కను పళ్లెంలో పెట్టి రోగనిరోధక కణాలకు చూపిస్తుంది. దాంతో అవి సొంత శరీరం మీదే దాడికి దిగుతాయి. మిథైల్‌డోపా ముందే వెళ్లి ఆ పళ్లెంలో కూర్చుంటుంది. ఆలోచన బాగుంది. కానీ ఆ పరిశోధన చేసింది షుగర్ మీద, థైరాయిడ్ జబ్బు మీద కాదు. పైగా ఇదే మందు కొందరిలో సొంత ఎర్ర రక్తకణాలను చంపే యాంటీబాడీలను పుట్టిస్తుంది! నిద్రమత్తు సరేసరి, అరుదుగా లివర్ కూడా దెబ్బతింటుంది.

యాంటీ టీపీఓ (థైరాయిడ్ యాంటీబాడీల పరీక్ష) అంకె చూసి మేం థైరాక్సిన్ డోసు మార్చం. దాన్ని మళ్లీ మళ్లీ చేయించి డబ్బులు పోగొట్టుకోకండి. మాకు కావాల్సింది థైరాయిడ్ హార్మోన్ సరిపోతోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష, అదే మీరు రాయలేదు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే రక్తనాళాలు బిగుసుకుని కింది బీపీ పెరుగుతుంది. హార్మోన్ సరిపడా అందితే కొందరిలో బీపీ కూడా దిగుతుంది.

మాత్ర ఎలా వేసుకుంటున్నారు? కాఫీ గ్లాసు ఒక చేత్తో, థైరాక్సిన్ ఇంకో చేత్తో పట్టుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను. పరగడుపున మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట ఆగి కాఫీ తాగండి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడి టీఎస్‌హెచ్ చేయించండి.

ఇంకోమాట. పిల్లల కోసం ప్రయత్నించే ఆలోచన ఉంటే ముందే మీ డాక్టర్‌కు చెప్పండి. టెల్మిసార్టాన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, దాన్ని మార్చాలి. అప్పుడు లాబెటలాల్ ఇస్తారు, లేదా మీరు అడిగిన ఆ మిథైల్‌డోపానే రాయొచ్చు. అదీ బీపీ కోసమే.