మూత్రం రంగు మారితే ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకోకండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పగలంతా కూర్చుని చేసే ఉద్యోగం. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో గేమ్స్ ఆడతాను. బరువు తగ్గాలని రెండు నెలల క్రితం స్మార్ట్‌వాచ్ కొని రోజుకు 10,000 అడుగులు టార్గెట్ పెట్టుకున్నాను. ఈమధ్య ఒక యాప్‌లో 30 రోజుల స్క్వాట్స్ చాలెంజ్ మొదలుపెట్టాను. మూడు వారాలుగా కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర రోజుకు రెండు వేసుకుంటున్నాను. పోయిన ఆదివారం, మధ్యలో మానేసిన నాలుగు రోజులవీ కలిపి ఒకేసారి 300 స్క్వాట్స్ తీశాను. తెల్లారి మెట్లు దిగలేకపోయాను. తొడల నొప్పికి ఫ్రెండ్ ఇచ్చిన ఇంకో మాత్ర కూడా వేసుకున్నాను. రెండు రోజులు మూత్రం ముదురు రంగులో వచ్చింది. వేడి చేసిందనుకుని నీళ్లు బాగా తాగాను. ఇప్పుడు రంగు మామూలుగానే ఉంది. ఆట ఆపకుండా వేలి నొప్పి తగ్గాలంటే ఎలాంటి బ్యాండ్ కట్టుకోవాలి? చాలెంజ్ స్ట్రీక్ (రోజులు తప్పకుండా చేసిన వరుస) పోకుండా ఏం చేయాలి?

– ఓ పాఠకుడు

జవాబు: వేలి సంగతి తర్వాత చూద్దాం, దానికి తొందరేమీ లేదు. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ ముదురు రంగు మూత్రం దగ్గరే నేను ఆగిపోయాను. ముందు నొప్పి మాత్రలు రెండూ ఆపేయండి. ఇవాళే, మరీ కుదరకపోతే రేపు పొద్దున్నే, దగ్గర్లో ఉన్న ఫిజీషియన్‌ని కలవండి. 300 స్క్వాట్స్ తీసిన సంగతి, ఎన్ని మాత్రలు వేసుకున్నారన్న సంగతి దాచకుండా చెప్పండి. రక్తంలో సీపీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం, దాంతోపాటు ఒక మూత్ర పరీక్ష అవసరమేమో అడగండి. వేరే జబ్బుకి డాక్టర్ రాసిచ్చిన మందులేవైనా వాడుతుంటే వాటిని మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

మిమ్మల్ని చూడకుండా ఇదే జబ్బని నేను ఖాయంగా చెప్పలేను. నీళ్లు తక్కువైనా మూత్రం చిక్కబడుతుంది, కామెర్లలోనూ రంగు మారుతుంది, కొన్ని విటమిన్ మాత్రలకూ మారుతుంది. కానీ అలవాటు లేని కసరత్తు ఒక్కసారిగా చేసి, మర్నాడు మెట్లు దిగలేనంత నొప్పి వచ్చి, ఆ వెంటనే మూత్రం రంగు మారిందంటే ఏ డాక్టరుకైనా ముందు అనుమానం వచ్చేది రాబ్డోమయోలిసిస్. కండరంలోని కణాలు పగిలి, లోపలి సరుకంతా రక్తంలో కలవడం అన్నమాట. అందులో మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం ఉంటుంది. అది కిడ్నీల గుండా బయటికి పోతూ మూత్రాన్ని డికాక్షన్ రంగులోకి మారుస్తుంది. ఎక్కువ మోతాదులో వస్తే కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. కండరాల్లోంచి పొటాషియం కూడా బయటికి వస్తుంది. అది మరీ పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడినప్పుడు, శిథిలాల కింద కాళ్లు నలిగినవాళ్లకు రోజుల వ్యవధిలోనే కిడ్నీలు పాడవడం చూసి 1941లో డాక్టర్లు దీని గురించి వివరంగా రాశారు. ఇప్పుడు శిథిలాలు అక్కర్లేదు. అతిగా చేసిన కసరత్తు చాలు.

‘ఇప్పుడు రంగు మామూలుగానే ఉంది కదా’ అంటారేమో. మయోగ్లోబిన్ త్వరగానే బయటికి పోతుంది, అందుకే ఒకట్రెండు రోజుల్లో రంగు తేలికపడుతుంది. సీపీకే అలా కాదు. అది ఒకటి నుంచి మూడు రోజుల్లో పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత నెమ్మదిగా దిగుతుంది. క్రియాటినిన్ పెరిగినా చాలామందికి బయటికి ఏ లక్షణమూ కనిపించదు. కాబట్టి రంగు మామూలైందని ధీమాగా ఉండటానికి లేదు. చాలామంది మీ వయసులో, ఈపాటి దెబ్బ నుంచి పూర్తిగా కోలుకుంటారు, అనవసరంగా టెన్షన్ పడకండి. అయితే అది పరీక్ష చూసి అనుకోవాల్సిన మాట.

ఇంకో మాట. రిపోర్టులో ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ (లివర్ పరీక్షల్లో చూసే ఎంజైములు) ఎక్కువగా కనిపిస్తే లివర్ పాడైందని హడలిపోకండి. ఆ రెండూ కండరంలోనూ ఉంటాయి. కండరం దెబ్బతిన్నా పెరుగుతాయి. సీపీకే పక్కన పెట్టుకుని చూస్తే డాక్టరుకి తేడా తెలుస్తుంది.

కింది వాటిలో ఏది కనిపించినా మాత్రం రేపటి దాకా ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి: మూత్రం బాగా తగ్గిపోవడం లేదా మళ్లీ ముదురు రంగులో రావడం, తొడ రాయిలా గట్టిపడి వాయడం, పాదం మొద్దుబారడం, ఆగని వాంతులు, గుండె దడ, మగతగా ఉండటం. అలాంటప్పుడు ఇంట్లోనే కూర్చుని లీటర్లకు లీటర్లు నీళ్లు తాగితే కిడ్నీలు శుభ్రపడిపోతాయనుకోవద్దు. మూత్రం సరిగా తయారుకాని దశలో అన్ని నీళ్లు తాగితే ఒళ్లంతా నీరు చేరుతుంది. ఎంత ఇవ్వాలో, సెలైన్ పెట్టాలో లేదో ఆసుపత్రిలో చూసి నిర్ణయిస్తారు.

ఇక నొప్పి మాత్రల విషయం. దీనిమీద నాకు నిజంగానే కోపం వస్తుంది, ఏమనుకోవద్దు. మొన్న ఓపీకి వచ్చిన ఒక కుర్రాడిని ఏం మందులు వాడుతున్నావని అడిగితే ‘ఏమీ లేవు సార్’ అన్నాడు. ఫోన్ తీయబోతుంటే జేబులోంచి ఒక స్ట్రిప్ జారి టేబుల్ మీద పడింది. పది గుంటల్లో ఎనిమిది ఖాళీ. ‘ఇది మందు కాదు సార్, పెయిన్‌కిల్లరే’ అన్నాడు. ఈ మాట నేను వారంలో ఒకసారైనా వింటాను. అది మందే. పైగా కిడ్నీల మీద సూటిగా పనిచేసే మందు.

ఎలాగో చెబుతాను. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే రక్తనాళాలు ముడుచుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కాపాడతాయి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు నొప్పి తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లను ఆపడం ద్వారానే. అంటే నొప్పితోపాటు కిడ్నీకున్న ఆ రక్షణ కూడా పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజులు వేసుకుంటే సాధారణంగా ఇబ్బంది రాదు. మీరు మూడు వారాలుగా వేసుకుంటున్నారు. దానిమీద చెమట కారేలా కసరత్తు చేశారు, కండరం దెబ్బతిన్నది, ఆ నొప్పికి ఇంకో మాత్ర. ఫ్రెండ్ ఇచ్చిన మాత్ర పేరు వేరు కావచ్చు, రంగు వేరు కావచ్చు. లోపలున్నది ఇదే కోవ మందైతే మీరు ఒకే మందు రెండింతలు వేసుకున్నట్టు లెక్క. ఇలా కలిపి వాడితే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం అయ్యే ముప్పు కూడా పెరుగుతుంది. మలం నల్లగా, తారులా వస్తోందా? వస్తుంటే అదీ డాక్టరుకి చెప్పండి.

నొప్పి ఉన్నప్పుడు దాన్ని అణిచేసి ఆట కొనసాగించడం వల్లే మీ వేలు మూడు వారాలైనా తగ్గలేదని నా అభిప్రాయం. మీరు రాసినదాన్ని బట్టి అది డీక్వెర్‌వేన్స్ అనే సమస్య కావచ్చు. 1895లో ఒక స్విస్ సర్జన్ రాసిన జబ్బు ఇది, ఫోన్ల కంటే చాలా పాతది. బొటనవేలిని పక్కకు తీసే, పైకి లేపే రెండు స్నాయువులు మణికట్టు దగ్గర ఒక ఇరుకు గొట్టంలోంచి వెళతాయి. వేలితో అదేపనిగా తెరను తోస్తుంటే ఆ గొట్టం మందమై స్నాయువులు ఒరుసుకుంటాయి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లు దానిమీద మూసి, పిడికిలిని మెల్లగా చిటికెనవేలి వైపు వంచి చూడండి. మణికట్టు పక్కన చురుక్కుమంటే అనుమానం బలపడుతుంది. గట్టిగా వంచొద్దు, ఒకసారి చూస్తే చాలు.

మణికట్టుకి చుట్టే సాగే బ్యాండ్ దీనికి పెద్దగా పనికిరాదు. బొటనవేలిని కూడా కలిపి కదలకుండా పట్టే స్ప్లింట్ కావాలి, కొన్ని వారాలు వాడాల్సి వస్తుంది. ఆట ఆపకుండా తగ్గే మార్గం అడిగారు, అలాంటిది నాకు తెలియదు. కనీసం ఒక నెల బొటనవేళ్లతో ఆడే ఆటలు పక్కన పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టర్ చూసి ఇంజెక్షన్ అవసరమా అన్నది చెబుతారు. వేళ్లలో తిమ్మిరి ఉందో లేదో మీరు రాయలేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది మణికట్టులో నరం నొక్కుకుపోయే వేరే సమస్య. కిడ్నీ పరీక్షలు వచ్చేదాకా ఐస్ ప్యాక్ గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టుకోండి. ఏ మాత్ర వేసుకోవచ్చో మిమ్మల్ని చూసిన డాక్టర్నే అడగండి. ఎన్ని గంటలు ఆడుతున్నారన్నది మరోసారి మాట్లాడుకుందాం. అయితే రాత్రి ఒంటిగంటకి పడుకుని పొద్దున్నే కసరత్తు చేసే కండరానికి కోలుకునే వ్యవధి ఎక్కడుందో ఆలోచించండి.

స్ట్రీక్ పోనివ్వండి. నాలుగు రోజుల బాకీ ఒక్కరోజులో తీర్చడం డబ్బుకి చెల్లుతుంది, కండరానికి చెల్లదు. స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు తొడ కండరం బరువు మోస్తూనే సాగుతుంది. అలవాటు లేని కండరాన్ని ఎక్కువగా చీల్చేది ఆ దిగడమే. యాప్‌కి ఆదివారం సంగతి తెలియదు, వాచ్‌కి మీ మూత్రం రంగు తెలియదు.

10,000 అడుగుల లెక్క కూడా వైద్య నియమమేమీ కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటర్ పేరుకే ‘పది వేల అడుగుల మీటర్’ అని అర్థం. అక్కడి నుంచి వ్యాపించింది. అంతకన్నా తక్కువ నడిచినా మేలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం. వారం లెక్క అది, ఒకరోజు తగ్గితే కొంప మునగదు.

రిపోర్టులు మామూలుగా ఉన్నాయని, తొడల నొప్పి పూర్తిగా పోయిందని డాక్టర్ చూసి చెప్పేవరకు స్క్వాట్స్ వద్దు, జిమ్ వద్దు. తర్వాత కూడా ముందు నడక, ఆపైన పది స్క్వాట్స్, మర్నాడు ఎలా ఉందో చూసుకుని పెంచడం. ఈసారి తక్కువ శ్రమకే మళ్లీ ఇలా జరిగితే, లేదా ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయి ఉంటే, కండరాల్లో పుట్టుకతో ఉండే లోపాలకు విడిగా పరీక్షలు చేయించాల్సి రావచ్చు.

ఈ జవాబు మీరు చదివేసరికి ఇంకొన్ని రోజులు గడిచే ఉంటాయి. అయినా సరే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ రెండు స్ట్రిప్పులూ తీసుకెళ్లండి, ఖాళీ అయినవైనా పర్వాలేదు. ఫ్రెండ్ దగ్గర మిగిలింది ఉంటే దాన్ని ఫొటో తీసి పంపమనండి. మాత్ర రంగు చెబితే మాకేమీ తెలియదు, వెనక అచ్చువేసిన మందు పేరు కావాలి.