వెక్కిరించే ముందు లెక్క వెయ్యి

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ‘స్పేస్: 1999’ అనే పాత ఇంగ్లీషు టీవీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఇప్పుడే చూసి, ఆ వేడి మీదే రాసినట్టున్నావు. నీ ఉత్సాహం నాకు నచ్చింది. తెలుగులో సైన్స్ ఫిక్షన్ గురించి రాసేవాళ్లే తక్కువ. అందులో సైన్సు తప్పులు పట్టుకుని నిలదీసేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను.

‘చెవిలో పువ్వు’, ‘పిచ్చి కథ’, ‘బుర్ర ఉన్నవాడెవడూ చూడడు’ అని రాశావు. వీటిలో ఒక్కటీ ఈ సీరియల్ కోసం పుట్టిన మాట కాదు. పేరు మార్చి దేనికైనా అతికించొచ్చు. శ్రీనాథుడిదని చెప్పుకునే పల్నాటి చాటువు గుర్తు చేసుకో. పల్నాడు పాడు సీమ అని ఊరికే తిట్టి వదల్లేదు. నాపరాళ్లు, సజ్జ జొన్న కూళ్లు, పాములు, తేళ్లు అంటూ ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి చూపించాడు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా అది నవ్విస్తోందంటే కారణం అదే.

ఇక కథకొద్దాం. చంద్రుడి అవతలి వైపు, అంటే భూమికి ఎప్పుడూ కనిపించని వైపు, పోగేసిన అణు వ్యర్థాలు 1999 సెప్టెంబర్ 13న పేలిపోతాయి. ఆ దెబ్బకు చంద్రుడు భూమి నుంచి విడిపోయి, తన మీద మనుషులు కట్టుకున్న ఆల్ఫా స్థావరంలో ఉన్న 311 మందితో సహా అంతరిక్షంలోకి కొట్టుకుపోతాడు. నువ్వు దీన్ని ‘అసాధ్యం’ అనేసి ముందుకెళ్లిపోయావు. ఎంత అసాధ్యమో లెక్క వేసి చూపించాలి కదా! చంద్రుడు సెకనుకు సుమారు ఒక కిలోమీటరు వేగంతో మన చుట్టూ తిరుగుతున్నాడు. అంత దూరం నుంచి భూమిని వదిలి పోవాలంటే ఆ వేగం 1.4 కిలోమీటర్లు దాటాలి. చూడ్డానికి పెద్ద తేడా కాదు. కానీ చంద్రుడి ద్రవ్యరాశి కిలోల్లో రాస్తే ఏడు పక్కన 22 సున్నాలు పెట్టాలి. అంత బరువును ఆ వేగానికి తేవడానికి కావలసిన శక్తిని, మనుషులు ఇప్పటిదాకా పేల్చిన వాటిలో అతి పెద్ద బాంబుతో, అంటే 1961లో సోవియట్ యూనియన్ పేల్చిన జార్ బాంబుతో భాగించు. దాదాపు 18 వేల కోట్ల బాంబులు కావాలి. అదీ రవ్వంత శక్తి కూడా వృథా కాకుండా ఉంటే. ఈ అంకె దగ్గరికి వచ్చేసరికి పాఠకుడు తనంతట తనే నవ్వుతాడు. నువ్వు ఒక్క తిట్టూ తిట్టక్కర్లేదు.

అసలు తమాషా నీ కంట పడలేదు. పేలుడు అవతలి వైపు జరిగితే ఆ తోపుకి చంద్రుడు మన మీదికి రావాలి గానీ దూరంగా ఎందుకు పోతాడు?

దూరాలు కూడా వదిలేశావు. మనకు అతి దగ్గరి నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సెకనుకు ఒక కిలోమీటరు చొప్పున పోతే 12 లక్షల ఏళ్లు దాటిపోతుంది. ఆల్ఫా వాళ్లకేమో వారం వారం ఏదో ఒక కొత్త లోకం ఎదురొస్తుంది. 2023 జూలై 14న శ్రీహరికోటలో బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 5కి గానీ చంద్రుడి కక్ష్యలోకి చేరలేదని మనవాళ్లు రోజూ టీవీలో చూశారు. ఈ లెక్క వాళ్లకు బాగా అందుతుంది.

ఒక హెచ్చరిక. నువ్వు ‘చంద్రుడి చీకటి వైపు’ అని రాశావు. అవతలి వైపు కూడా ఎండ పడుతుంది, అక్కడా రెండు వారాలు పగలే. ఇంకొకరి సైన్సును వెక్కిరించే వ్యాసంలో ఇలాంటిది ఒక్కటి దొర్లినా మిగతా అంతా ఎవరూ నమ్మరు.

1975లో ఈ సీరియల్ కొత్తగా వచ్చినప్పుడు ప్రసిద్ధ సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ కూడా దీన్ని తప్పుపట్టాడు. చంద్రుణ్ణి కక్ష్య తప్పించేంత పేలుడు జరిగితే చంద్రుడే ముక్కలవుతాడన్నాడు. కానీ చంద్రుడి మీద తక్కువ గురుత్వంలో మనుషుల కదలికలను చూపించిన తీరును మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఉంది కాబట్టే విమర్శకు విలువ వచ్చింది. నీ వ్యాసంలో మెచ్చుకున్న మాట ఒక్కటీ లేదు. సీరియల్లో కనిపించే ఈగిల్ అంతరిక్ష నౌకల నమూనాలు చేసిన బ్రయన్ జాన్సన్ బృందం పని ఇవాళ చూసినా బాగుంటుంది. ఆ సంగతి రాయి. హీరోగా నటించిన మార్టిన్ లాండౌ ముఖం గురించి రాసిన రెండు వాక్యాలూ కొట్టెయ్. అణు వ్యర్థాలు ఎక్కడ పేలాలో నిర్ణయించింది ఆయన కాదు.

చంద్రుడు ఊడిపోవడాన్ని నేను క్షమిస్తాను. కథ మొదలవడానికి రచయిత ఒక అబద్ధం అడుగుతాడు, ఇవ్వొచ్చు. ఆ తర్వాత దానికి కట్టుబడకపోతేనే నాకు కోపం. 311 మంది ఇక ఇంటికి రాలేరు. ఏం తింటారు, ఎవరి మీద ఎవరికి అధికారం, పిల్లల్ని కనొచ్చా? అంత ఒంటరితనం చేతిలో పెట్టుకుని వారానికో గ్రహాంతరవాసిని దింపేస్తే కథ చెయ్యి జారిపోయినట్టే. నీ ఎగతాళికి అసలు చోటు అదే, తమ్ముడూ. అక్కడ ఎంత గట్టిగా కొట్టినా తప్పులేదు.

నీ వ్యాసంలో రెండో పేరా మొత్తం తీసేసి, ఆ స్థానంలో బాంబుల లెక్క నీ మాటల్లో రాయి. నేను చెప్పానని అంకెలు అలాగే దించకు, నువ్వే వేసి చూడు. తేడా వస్తే ఫోన్ చెయ్యి. ఇద్దరం కూర్చుని సరిచూసుకున్నాకే పత్రికకు పంపుదాం.

ఆశీస్సులతో,
అక్కయ్య