ఆకు కాడ మీద ఆ చిన్న బుడిపె

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తగిరిస మీద రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. దారి పక్కన మొలిచే అలాంటి మొక్క దగ్గర ఆగి చూసేవాళ్ళు తక్కువ. నీ వాక్యాలు కూడా హాయిగా చదివిస్తున్నాయి. అయితే ఒక్క చోట ఆగిపోయాను. "పచ్చని ఆకులు, పసుపు పూలు, సన్నని పొడవాటి కాయలు" అన్నావు. ఈ మాటలు గుర్తుపెట్టుకుని ఎవరైనా తగిరిస కోసం వెళ్తే, కసివిందను పీక్కొచ్చే అవకాశం కూడా అంతే ఉంది. ఈ రెండూ ఉన్న సెన్నా ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపులో, దాదాపు అన్నింటికీ పసుపు పూలే. మొక్కను వర్ణించడం వేరు, పక్కనున్న చుట్టం నుంచి దాన్ని విడదీసి చూపించడం వేరు. నీ వ్యాసానికి కావలసింది రెండోది.

ముందు ఆకు కాడ చూడు. తగిరిస ఆకులో సాధారణంగా మూడు జతల చిరు ఆకులుంటాయి. కొస గుండ్రంగా, మొదలు కంటే వెడల్పుగా ఉంటుంది. కింది జత చిరు ఆకుల మధ్య, కాడ మీద, సన్నని పుల్ల ముక్కలా నిలబడిన ఒక గ్రంథి కనిపిస్తుంది. రెండో జత మధ్య కూడా ఇంకొకటి ఉండవచ్చు. కసివిందలో నాలుగైదు జతలు, కొసలు మొనదేలి ఉంటాయి. దాని గ్రంథి చిరు ఆకుల మధ్య ఉండదు. కాడ కాండానికి అతుక్కునే చోటికి దగ్గరగా, ముదురు రంగు బుడిపెలా ఒక్కటే ఉంటుంది. ఈ గ్రంథులు తేనెలాంటి తీపి రసాన్ని ఊరిస్తాయి కాబట్టి చీమలు వాటి కోసం వస్తాయి. చీమ ఎక్కడ ఆగిందో చూస్తే గ్రంథి ఎక్కడుందో చాలాసార్లు తెలిసిపోతుంది. ఇలాంటిది రాయి. చదివినవాడు రేపు వంగి చూస్తాడు.

తంగేడులో ప్రతి జత మధ్యా గ్రంథి ఉంటుంది. ఆకు మొదట్లో చెవి ఆకారంలో పెద్ద పత్రపుచ్ఛాలు, అంటే కాడ అడుగున మొలిచే ఆకుల్లాంటి రేకులు, ఉంటాయి. దాని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలో ఉన్నది ఆ చెవే. సెన్నా సోఫెరా అనే ఇంకో చుట్టం మాత్రం కసివిందకు చాలా దగ్గర. దానికీ గ్రంథి కాడ మొదట్లోనే. కానీ అది గుండ్రంగా కాక గదలా పొడవుగా ఉంటుంది, చిరు ఆకులు సన్నగా ఎక్కువ జతలుంటాయి, కాయ చదునుగా కాక ఉబ్బి ఉంటుంది.

వాసనను మాత్రం నమ్ముకోకు. నలిపితే తగిరిసా, కసివిందా రెండూ కంపే కొడతాయి.

నా తొలి రోజుల్లో ఒక పత్రికకు తగిరిస మీద రాశాను. పక్కన అచ్చయిన ఫోటో కసివిందది. ఆ ఫోటో పంపింది నేనే. పది రోజుల తర్వాత ఒక పాఠకుడు కవరులో ఎండిన ఆకు పెట్టి పంపాడు. కాడ మొదట్లో బుడిపె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది, కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఆ రోజు నుంచి భూతద్దం లేకుండా ఇంట్లోంచి బయటికి వెళ్ళలేదు.

ఇది చిన్న పొరపాటు అనుకోవద్దు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పిల్లలు ఉన్నట్టుండి జబ్బుపడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతిన్నాయి. కసివింద గింజలు తినడమే దానికి కారణం కావచ్చని 2007లో వైద్యులు ప్రచురించిన పరిశోధన చెప్పింది. తగిరిసను తినే మొక్క అని రాసేటప్పుడు పేరు తప్పితే ఏమవుతుందో నువ్వే ఊహించు.

ఇప్పుడు కష్టమైన సంగతి. నువ్వు తగిరిస అన్నది సెన్నా తోరా అనే మొక్కనా, సెన్నా ఆబ్ట్యుసిఫోలియా అనే మొక్కనా? మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో రెంటికీ వేర్వేరు పేర్లే పెట్టాడు. తర్వాత చాలాకాలం రెంటినీ ఒకటిగా కలిపేశారు. ఆబ్ట్యుసిఫోలియాకు సాధారణంగా కింది జత మధ్యే గ్రంథి, పువ్వు కాడ పొడవు. తోరాకు పువ్వు కాడ పొట్టి, తరచు సెంటీమీటరు లోపే. అసలు తేడా గింజ మీద తెలుస్తుంది. గింజ పక్కన ఒక పట్టీ గుర్తు ఉంటుంది. తోరాలో అది వెడల్పుగా, రెండోదానిలో సన్నని గీతలా ఉంటుంది. గ్రంథుల లెక్క అప్పుడప్పుడు తప్పుతుంది కాబట్టి ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకు. ఒకే మొక్కలో పై ఆకులకు జతలు తగ్గవచ్చు. నడిమి ఆకులు చూడు, నాలుగైదు మొక్కలు చూడు.

పాత పుస్తకాల్లో ఇవన్నీ కాషియా అని కనిపిస్తాయి. టెన్షన్ పడకు. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే వృక్షశాస్త్రవేత్తలు ఆ పెద్ద ప్రజాతిని విడదీసి సెన్నా, కమీక్రిస్టాలను వేరు చేశారు. రేల కాషియాలోనే మిగిలింది. ఎందుకో తెలియాలంటే రేల పువ్వులో మూడు పొడవాటి కేసరాలు వంపు తిరిగి పైకి లేవడం చూడు. తంగేడు పువ్వులో ఆ వంపు ఉండదు.

ఇంకొక్క మాట. "అందమైన", "సుకుమారమైన" అన్న మాటలు నీ వ్యాసంలో ఎనిమిది చోట్ల ఉన్నాయి. వాటిని కొట్టేసి, ఆ ఖాళీలో నువ్వు స్కేలు పెట్టి కొలిచింది రాయి. కసివింద కాయ చదునుగా, గోధుమ రంగులో, అంచులు లేతగా ఉంటుంది. తగిరిస కాయ దానికంటే బాగా సన్నగా, వంగి, నలుపలకలుగా ఉంటుంది. ఇందులో ఒక్క విశేషణమూ అలంకారం కోసం రాలేదు, అయినా కాయ కళ్ళకు కడుతుంది.

నీ మొక్కలు ఇంకా పూతలోనే ఉన్నాయన్నావు. కాయ ముదిరేదాకా ఆగు. గింజ ఒలిచి ఆ పట్టీ వెడల్పు చూశాకే వ్యాసం తిరగరాయి. అది పంపేటప్పుడు కవరులో నాలుగు గింజలు కూడా వెయ్యి, నేనూ భూతద్దం పెట్టి చూస్తాను.