నాటకంలో పాత్ర ఇచ్చి ఫీజు అడిగితే..?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. నటన అంటే ప్రాణం. ఓ యువ నాటక సంస్థ ఆడిషన్‌లో ఎంపికైంది. ఇంట్లో అందరం సంబరపడ్డాం. మర్నాడే పార్టిసిపేషన్ ఫీజు కట్టమని మెయిల్ వచ్చింది. దుస్తుల ఖర్చు వేరుగా ఇవ్వాలట, ఒక్కొక్కరు కొన్ని టికెట్లు కూడా అమ్మిపెట్టాలట. అంత డబ్బు మాకు భారమే. కట్టకపోతే పిల్ల కెరీర్ దెబ్బతింటుందేమోనని టెన్షన్‌గా ఉంది. అయినా నటించే పిల్లల దగ్గరే డబ్బు తీసుకోవడం న్యాయమేనా?
- ఒక తల్లి

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. ఈ ఒక్క నాటకంలో వేయనంత మాత్రాన మీ అమ్మాయి కెరీర్‌కు వచ్చే నష్టమేమీ లేదు. నటనలో శిక్షణ ఇచ్చే మంచి సంస్థలు ప్రవేశాలప్పుడు ప్రధానంగా చూసేది ఆడిషన్‌నే. సిద్ధం చేసుకొచ్చిన ఏకపాత్రలో ప్రాణం ఉందా, 'ఇదే మాట కోపం లేకుండా చెప్పు' అంటే వెంటనే మార్చి చేయగలదా, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే నిజంగా వింటోందా... ఇవే వాళ్లకు కావాలి. 15 ఏళ్లప్పుడు ఎన్ని నాటకాల్లో వేసిందన్న లెక్క అక్కడ పెద్దగా పనికిరాదు. డబ్బు కట్టి వేసిన పాత్రకూ, ప్రతిభ చూసి పారితోషికం ఇచ్చిన పాత్రకూ తేడా ఈ రంగంలో పనిచేసేవాళ్లకు తెలుసు.

ఇక న్యాయం మాట. ఒక నాటకం స్టేజీ ఎక్కాలంటే రిహార్సల్ గది, హాలు అద్దె, లైట్లు, సౌండ్, దర్శకుడి పారితోషికం అన్నీ ఉంటాయి. పేరున్న సంగీత నాటకమైతే హక్కుదారులకు రాయల్టీ కట్టాలి. పిల్లలను కనిపెట్టుకుని ఉండే పెద్దలూ కావాలి. టికెట్ల మీద వచ్చేది వీటన్నిటికీ చాలకపోవడం మామూలే. కాబట్టి ఫీజు అడిగినంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు. ఆ డబ్బుకు పిల్లకు దక్కేది ఏమిటన్నదే చూడాలి. గొంతు, కదలిక, పాత్రను అర్థం చేసుకునే పద్ధతి నేర్పుతున్నారా? అయితే అది సంగీతం క్లాసుకో డాన్స్ క్లాసుకో కట్టే ఫీజు లాంటిదే, స్తోమత ఉంటే కట్టవచ్చు. కేవలం స్టేజీ మీద నిలబడే చోటుకే డబ్బు అడుగుతుంటే మాత్రం నేను వద్దనే చెబుతాను.

ఎందుకంటే సంస్థ ఆదాయమంతా పిల్లల ఫీజుల మీదే నడిస్తే, ఎక్కువ మందిని తీసుకునేకొద్దీ దానికి లాభం. పదిమంది చాలిన కథలోకి యాభై మంది వస్తారు. అప్పుడు రిహార్సల్ గదిలో కనిపించే దృశ్యం ఇది: ముఖ్య పాత్రలు వేసే నలుగురైదుగురితో దర్శకుడు పనిచేస్తుంటాడు, మిగతా పిల్లలు గోడవారగా కింద కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటారు. రెండు గంటల తర్వాత 'కోరస్, రండి' అని పిలుపు వస్తుంది. మూడో వరసలో నిలబడి ఒక పాట పాడి మళ్లీ గోడ దగ్గరకు వెళ్లిపోతారు. వారాల తరబడి ఇదే వరస. ఆ పిల్లల తల్లిదండ్రులు ఫీజూ కడతారు, చివరికి టికెట్లూ కొంటారు. టికెట్లు అమ్మాలన్న షరతునైతే నేను అసలు ఒప్పుకోను. అమ్ముడుపోనివి మీరే కొనాల్సి వస్తే అది ఇంకో పేరుతో తీసుకునే ఫీజే కదా.

దీనికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇంకొకటుంది. ఫీజు పెట్టగానే ప్రతిభ ఉండీ డబ్బులేని పిల్లలు గుమ్మం బయటే ఆగిపోతారు. బ్రిటన్ నటుడు ఇద్రిస్ ఎల్బా ఈరోజు ప్రపంచమంతా తెలిసిన పేరు. కుర్రతనంలో ఆయన నేషనల్ యూత్ మ్యూజిక్ థియేటర్‌లో చేరడానికి ప్రిన్స్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఇచ్చిన 1,500 పౌండ్ల సాయం తోడ్పడింది. అలాంటి సాయం అందక వెనుదిరిగినవాళ్ల పేర్లు మనకు ఎప్పటికీ తెలియవు. ఈ సంగతి గుర్తించిన సంస్థలూ ఉన్నాయి. 1956లో మైకేల్ క్రాఫ్ట్ మొదలుపెట్టిన బ్రిటన్ నేషనల్ యూత్ థియేటర్ తన కోర్సులకు ఫీజు తీసుకుంటూనే, కట్టలేనివారికి ఆర్థిక సాయం ఇస్తోంది. 2012లో ఎంపికైన కొద్దిమంది కోసం ఫీజు లేని శిక్షణ బృందాన్ని కూడా ప్రారంభించింది. అందుకే ఏ సంస్థను చూసినా నేను మొదట అడిగేది 'కట్టలేని పిల్లకు మీ దగ్గర దారి ఏమిటి?' అనే.

మీరూ అదే అడగండి. మొహమాటపడకండి, ఇది చేయి చాచడం కాదు. దర్శకుడికో నిర్వాహకులకో నాలుగు వాక్యాల మెయిల్ చాలు: 'మా అమ్మాయి ఎంపికైనందుకు సంతోషం. పూర్తి ఫీజు కట్టే స్థితిలో లేము. రాయితీ గానీ వాయిదాలు గానీ ఉంటాయా? ఫీజు దేనికి ఖర్చవుతుందో, వారానికి ఎన్ని గంటలు శిక్షణ ఉంటుందో తెలియజేయగలరు.' నాటకం రద్దయినా, పిల్ల జబ్బుపడి మధ్యలో ఆగినా డబ్బు తిరిగి ఇస్తారా అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోండి. మంచి సంస్థ అయితే ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు. 'రేపటిలోగా కట్టకపోతే పాత్ర ఇంకొకరికి ఇస్తాం', 'సినిమావాళ్లు వచ్చి చూస్తారు, అవకాశం పోగొట్టుకోకండి' అన్న జవాబు వస్తే ఇక ఆలోచించనక్కర్లేదు, వదిలేయండి. అప్పు చేసి మాత్రం కట్టకండి.

వద్దనుకుంటే అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఎంత అడిగారో, మనం ఎంత పెట్టగలమో అంకెలతో సహా చెబితే 15 ఏళ్ల పిల్ల అర్థం చేసుకుంటుంది. 'నువ్వు ఎంపికయ్యావు, డబ్బు దగ్గర ఆగాం' అన్న నిజం తనకు తెలియాలి. లేకపోతే తనలోనే ఏదో లోపముందని అనుకుంటుంది. స్కూల్లో నాటకం వేసే టీచరు ఉంటే వాళ్లను కలవమనండి. ఫీజు అడగని చిన్న బృందాల్లో తెరవెనుక పనికి మనుషులు ఎప్పుడూ కావాలి. ప్రాంప్టింగ్ చేస్తూ (నటులు మరిచిపోయిన మాటలు పక్కనుంచి అందిస్తూ), లైట్ల దగ్గర కూర్చుంటూ పెద్ద నటుల రిహార్సల్స్ చూస్తే నేర్చుకునేది చాలా ఉంటుంది. ఇంట్లో రెండు నిమిషాల ఏకపాత్రలు రెండు, ఒకటి పాత నాటకం నుంచి, ఒకటి ఈ కాలపుది, తయారుచేసుకోమనండి. రేపు ఆడిషన్‌కు వెళ్తే చాలాచోట్ల అడిగేవి అలాంటివే.